పాటలో 'నేను' ఎవరు?

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే పాసింజర్‌లో మా పిన్ని కొడుకు తన ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి నా చేతికిచ్చాడు. "అక్కా, ఇది విను. నవ్వగూడదు మరి" అన్నాడు.

మూడు నిమిషాలు కూడా లేని పాట. ఇంటర్నెట్‌లో దొరికిన బీట్ మీద తనే రాసుకుని, తనే పాడి, ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. పాడటం అనకూడదేమో, రాప్ కదా, ఊపిరాడకుండా చెప్పుకుపోవటం. కాలేజీ రోజుల్లో గంజాయి ఎలా అలవాటైందీ, ఫీజు డబ్బు ఎటు పోయిందీ, అద్దంలో మొహం చూసుకోవటం ఎప్పుడు మానేసిందీ, ఒక సెంటర్‌లో మూడు నెలలు ఎలా గడిచిందీ, తొమ్మిది నెలలుగా ఎలా ముట్టకుండా ఉన్నదీ, అంతా ఉంది. నవ్వలేదు. వాడు మాట్లాడటమే తక్కువ. అలాంటివాడు ఇంత మాట్లాడాడే అని ఆశ్చర్యపోతూ విన్నాను.

అయిపోయాక ఒకటే అడిగాను. "మీ అమ్మ ఏదిరా ఇందులో?"

వాడు నావైపు వింతగా చూశాడు. "రాప్ అంటే ఎవడి కథ వాడే చెప్పుకోవాలక్కా. ఇంకోళ్ల కథ చెప్తే ఫేక్ అంటారు."

సెంటర్ ఖర్చు కోసం పిన్ని రెండు గాజులు అమ్మింది. వాడు తిరిగొచ్చాక నలభై రాత్రులు వీధి తలుపుకి అడ్డంగా చాప వేసుకుని పడుకుంది. చుట్టాలడిగితే హైదరాబాదులో కోచింగని అబద్ధాలాడింది. ఆ అబద్ధాలన్నీ ఎవరికి ఏది చెప్పిందో మర్చిపోకుండా గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా ఆమెదే. పాటలో తలుపు ఉంది, దాని ముందు పడుకున్న మనిషి లేదు.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేశాను. నా పరిశోధన పద్యనాటకాల్లో స్త్రీ పాత్రల మీద. వ్యసనపరుడి కథ స్టేజీ మీద ఎలా నడుస్తుందో పేజీలకు పేజీలు రాశాను. అంత రాసినదాన్ని మా ఇంట్లో ఆ తలుపు దగ్గర చాపని మాత్రం వాడి పాట విన్నాకే చూశాను. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. వ్యసనం గురించీ దాన్నించి బయటపడటం గురించీ మనం కట్టుకున్న పాటల్లో 'నేను' అనే హక్కు ఎవరికి దక్కింది? ఎవరికి దక్కలేదు?

*

వాడు నమ్మే సూత్రం వాడు కనిపెట్టింది కాదు, హిప్‌హాప్‌ది. ఆ సంగీతం పుట్టిన రోజుగా చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు భవనంలో డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పిన రాత్రి. పేరు హెర్క్‌కి వచ్చింది. ఆ పార్టీ ఏర్పాటు చేసింది మాత్రం అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవటానికి డబ్బు కావాలి ఆ అమ్మాయికి. అంటే ఈ సంగీతం మొదటి ఖాతా పుస్తకం ఒక ఆడపిల్ల చేతిలో ఉంది. దాన్ని చరిత్ర ఒక ఫుట్‌నోట్‌లో పెట్టింది.

1982లో వచ్చిన 'ది మెసేజ్' అనే పాటతో రాప్ పార్టీల్లోంచి వీధిలోకి వచ్చిందంటారు. పేదరికం, మత్తు, జైలు, చావు అందులోకొచ్చాయి. ఇలాంటి పాట ఎవరు వింటారని గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వాళ్లు వెనకాడితే, పట్టుబట్టి చేయించింది షుగర్ హిల్ రికార్డ్స్ అధిపతి సిల్వియా రాబిన్సన్ అనే నల్లజాతి స్త్రీ. మరుసటి ఏడు అదే సంస్థనుంచి కొకెయిన్ గురించి 'వైట్ లైన్స్' వచ్చింది. ఆ దశాబ్దంలోనే క్రాక్ అమెరికా నల్లవాడల్ని తినేసింది. ప్రభుత్వం ఆస్పత్రుల కంటే ముందు జైళ్లు తెరిచింది. 1986 చట్టం ప్రకారం 5 గ్రాముల క్రాక్‌కీ, 500 గ్రాముల కొకెయిన్ పొడికీ ఒకటే కనీస శిక్ష, అయిదేళ్లు. క్రాక్ దొరికేది పేద నల్లవాళ్ల దగ్గర, పొడి దొరికేది డబ్బున్న తెల్లవాళ్ల దగ్గర. నూటికి ఒకటిగా ఉన్న ఆ తేడాని పద్దెనిమిదికి ఒకటిగా తగ్గించటానికి 2010 దాకా పట్టింది.

అలాంటిచోట 'నేను' అని నోరు తెరవటం చిన్న విషయం కాదు. పోలీసు రికార్డులో 'అతడు'గా, వార్తల్లో 'వాళ్లు'గా మిగిలినవాడు మైకు పట్టుకుని నేనంటున్నాడు. దళిత సాహిత్యమూ స్త్రీవాద కవిత్వమూ చదువుకున్న మనకి ఆ మాట విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మా తమ్ముడు ఆ మాటని పట్టుకుని వేలాడుతున్నాడంటే వాణ్ణి తప్పుపట్టలేను.

కానీ ఆ పాటల్లో తల్లుల సంగతి చూడండి. 2010లో 'రికవరీ' అనే పేరుతోనే ఆల్బమ్ తెచ్చిన ఎమినెమ్, అంతకుముందు పాటల్లో తల్లిని మత్తుమందుల మనిషిగా చిత్రించాడు. ఆమె 1999లో కొడుకు మీద పరువునష్టం దావా వేసింది. 2013లో అతనే ఇంకో పాటలో ఆమెకి క్షమాపణ చెప్పుకున్నాడు. నింద కొడుకు గొంతులో, క్షమాపణా కొడుకు గొంతులోనే. ఆమె తన మాట చెప్పుకోటానికి కోర్టుకెళ్లాలి, పుస్తకం రాసుకోవాలి. టూపాక్ 1995లో 'డియర్ మామా' పాడాడు. అతని తల్లి అఫేనీ షకూర్ బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త, క్రాక్‌కి లోబడి తర్వాత బయటపడిన మనిషి. తల్లిని వ్యసనంతో సహా గౌరవించిన పాట అది, అందుకే నాకిష్టం. అయినా ఆమె ఎలా మానిందన్న కథ ఆ పాటలో కొడుకు చూసినంత మేరే ఉంటుంది.

మానేసినవాడు పదిమంది ముందు నిలబడి 'నేను' అని చెప్పుకునే పద్ధతికి రాప్ కంటే ముందు ఇంకో ఇల్లుంది. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ ఎనానిమస్. 1939లో వాళ్లు అచ్చువేసిన పుస్తకంలో 'భార్యలకు' అని ఒక అధ్యాయం ఉంది. తాగుబోతుల భార్యలు తోటి భార్యలతో మాట్లాడుతున్నట్టు 'మేము' అంటూ సాగుతుంది. దాన్ని సంస్థ స్థాపకుల్లో ఒకడైన బిల్ విల్సన్ భార్య లోయిస్ రాయాలనుకుంది. రాసింది బిల్. భార్యల గొంతు కూడా భర్తే పలికాడు. లోయిస్ మరికొందరితో కలిసి 1951లో కుటుంబాల కోసం అల్-అనాన్ అని వేరే కూటమి పెట్టుకుంది. ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది బాపట్ల.

*

ఎందుకంటే ఆడదాని గొంతు మగవాడు పలకటంలో మావైపు వాళ్లని మించినవాళ్లు లేరు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామవిలాస సభ వేదిక మీద సత్యభామ, రోషనార, మధురవాణి, చింతామణి. 1956లో పద్మశ్రీ అందుకున్న మహానటుడు. ఆయన ప్రతిభని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు. నన్ను పట్టుకున్నది చింతామణి.

మన పాత పుస్తకాల్లో సప్తవ్యసనాలని ఒక జాబితా ఉంది. వేట, జూదం, పానం, పరుషమైన మాట, కఠినమైన శిక్ష, డబ్బు దుబారా. ఇవి ఆరు. ఏడోది స్త్రీ. కల్లుకుండ పక్కన, పాచికల పక్కన ఆడమనిషిని కూచోబెట్టిన జాబితా అది. వ్యసనం ఎవరికుంటుందని దాని లెక్క? మగవాడికి. స్త్రీకి వ్యసనం ఉండదు, ఆమే వ్యసనం. కాళ్లకూరి నారాయణరావు (1871-1927) చింతామణి నాటకం ఆ ఏడో వ్యసనం మీద కట్టింది. తాగుడు మీద ఆయనే 'మధుసేవ' రాశారు, కట్నం మీద 'వరవిక్రయం' రాశారు. సంస్కరణ కోసం కలం పట్టిన మనిషే.

చింతామణి కథ మీకు తెలిసిందే. బిల్వమంగళుడు వేశ్య మోజులో ఇల్లూ సంసారం పోగొట్టుకుంటాడు. నామీద ఉన్న ఈ ఆసక్తి దేవుడి మీద పెడితే తరిస్తావని చింతామణి చెప్పిన మాటతో మారి లీలాశుకుడవుతాడు. విషమూ ఆమే, మందూ ఆమే. రోగం, నయం కావటం మాత్రం అతనివి. చింతామణి కూడా విరక్తి చెందుతుంది కదా అనొచ్చు. అవును. కానీ జనం నోట్లో మిగిలిన పద్యాలు ఆమె మారటం గురించినవి కావు. పైగా ఆ మాటలు పలుకుతున్నది చీర కట్టిన మగవాడు. అంటే రోగి, వైద్యుడు, మందు, ముగ్గురూ మగవాళ్లే. చూస్తున్న ఆడవాళ్లకి అందులో కూచోటానికి ఒకటే చోటు మిగిలింది, ఇంటిదగ్గర ఏడుస్తున్న భార్య పాత్ర.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చింతామణి ప్రదర్శనని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమని అవమానిస్తోందన్న ఒక సామాజిక వర్గం ఫిర్యాదు దానికి కారణం. వాళ్ల బాధని నేను కాదనను. వందేళ్లుగా చింతామణినీ, ఆమె తల్లి శ్రీహరినీ అడ్డంపెట్టుకుని స్టేజీ మీద పేలిన బూతులకి మాత్రం ఎవరి పరువూ పోలేదు. ఆ స్త్రీల తరఫున ఫిర్యాదు చెయ్యటానికి ఒక వర్గమంటూ లేదు మరి.

బాపట్లకి దగ్గర్లోనే ఇంకో వేదిక ఉంది. అది నాటకాలది కాదు. స్టువర్టుపురం. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన సెటిల్మెంటు, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో 1910ల్లో మొదలైంది. సాల్వేషన్ ఆర్మీ డప్పులతో, బ్యాండుతో వీధిలోకొచ్చే క్రైస్తవ సంస్థ. అందులో చేరేవాళ్లు మద్యం ముట్టమని ప్రమాణం చెయ్యాలి. వాళ్ల కూటాల్లో సాక్ష్యం చెప్పటం అని ఒక పద్ధతుంది. లేచి నిలబడి, ఒకప్పుడు నేనిలా ఉండేవాణ్ణి, ఇప్పుడిలా అయ్యాను అని చెప్పటం. వాయిద్యం ఉంది, 'నేను' ఉంది, పతనం ఉంది, లేవటం ఉంది. మా తమ్ముడి పాటకి కావలసిన దినుసులన్నీ మా జిల్లాలోనే నూరేళ్ల క్రితం ఉన్నాయన్న మాట.

ఉన్నాయి గానీ, ఎక్కడున్నాయి? హాజరు పట్టీ వేసే కంచె లోపల. అనుమతి లేకుండా ఊరు దాటితే శిక్ష పడే మనుషుల మధ్య. పుట్టుకనే నేరంగా రాసిన చట్టం కింద 'నేను మారాను' అనే మాట ఎంతవరకు సాక్ష్యం, ఎక్కడినుంచి వాంగ్మూలం? ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ ప్రశ్న రద్దు కాలేదు. మా తమ్ముడున్న సెంటర్‌లో కూడా రోజూ సాయంత్రం లేచి నిలబడి కథ చెప్పాలట. బాగా చెప్పినవాళ్లని ముందు పంపేవాళ్లట. "ఏడిస్తే ఇంకా తొందరగా పంపుతారక్కా" అన్నాడు నవ్వుతూ. ఎవరు వింటున్నారనేదాన్ని బట్టి 'నేను' మారిపోతుంది.

*

ఇక రేపల్లె. రేపల్లె తాలూకా పెదపులివర్రులో 1902లో పుట్టిన సముద్రాల రాఘవాచార్య పేరు 1953లో వచ్చిన 'దేవదాసు' తెరమీద పాటల రచయితగా పడింది. ఘంటసాల గొంతు, సుబ్బరామన్ సంగీతం, అక్కినేని కళ్లు. తెలుగులో తాగినవాడి పాట అంటే ఇప్పటికీ మొదట తట్టేవి అవే. ఆ పాటల్లో తాగుడు రోగం కాదు, తత్వం. తాగినవాడు లోకాన్ని చూసి నవ్వే వేదాంతి. శరత్ కథలో దేవదాసు మానడు, చచ్చిపోతాడు. మానే అవసరం కూడా కథకి లేదు. ఎందుకంటే అతను తాగేది పోగొట్టుకున్న ప్రేమ కోసం, మనం ఏడ్చేది అతని కోసం. ఆ తర్వాత ఎంతమంది ఇళ్లలో ఎంతమంది మగవాళ్లు ఆ పాటలు కూనిరాగం తీస్తూ గడప తొక్కారో! మా తాతయ్య తీసేవాడు. అమ్మమ్మ తలుపు తీసేది.

అందులో పార్వతి సావిత్రి. తెనాలికి అట్టే దూరం కాని చిర్రావూరు ఆమెది. ఏళ్లు గడిచాక తాగుడు కథ ఆమె సొంత కథ అయింది. 1980లో కోమాలోకి వెళ్లి, పంతొమ్మిది నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబరు 26న పోయింది. తెరమీద దేవదాసు తాగితే విషాదనాయకుడు. తెర బయట పార్వతి తాగితే? చెడిపోయిందన్నారు, చేతులారా చేసుకుందన్నారు, ఆ మొగుణ్ణి నమ్మినందుకు అనుభవించిందన్నారు. 2018లో 'మహానటి' వచ్చాక కొత్త తరం ఆమెని ప్రేమించింది, సంతోషమే. కానీ ఆమె తాగుడు గురించి ఆమె 'నేను' అని మాట్లాడగల వేదిక ఒక్కటీ ఆ రోజుల్లో లేదు. వైద్యం గురించి మాట్లాడినవాళ్లకంటే శీలం గురించి మాట్లాడినవాళ్లే ఎక్కువ.

భాషలోనే ఉంది ఈ తేడా. తాగుడు మానిన మగవాణ్ణి 'బాగుపడ్డాడు' అంటాం. ఆడదాన్ని 'చెడిపోయింది' అంటాం. ఆ చెడిపోవటానికి ఎదురుగా బాగుపడటమనే మాటని ఆమెకి వాడటం నేనెప్పుడూ వినలేదు. చెడిపోయిన ఆడది తిరిగి రావటానికి మన వాక్యంలో దారి లేదు. 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం దేశంలో మద్యం తీసుకునే మగవాళ్లు 27.3 శాతం, ఆడవాళ్లు 1.6 శాతం. మద్యానికి పూర్తిగా లోబడిపోయినవాళ్లలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక వైద్యం పొందామని చెప్పారు. ఆ 1.6లో కూలి నుంచి వచ్చి ఒళ్లునొప్పులకి కాస్త పుచ్చుకునే ముసలమ్మా ఉంటుంది, తలుపులేసుకుని తాగే ఉద్యోగస్తురాలూ ఉంటుంది. ఆ ముసలమ్మ తాగుడు గురించి ఎవరైనా మాట్లాడతారు, ఎగతాళిగా. ఉద్యోగస్తురాలి గురించి మాట్లాడరు, పరువు కోసం. పాట ఇద్దరికీ లేదు.

*

పాట లేదంటున్నాను, మరి సారా పాటలో? అవి ఎలా మర్చిపోతాను. నేను పుట్టింది 1993లో, సారా నిషేధం వచ్చిన ఏడాదే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ల కథ, వర్ధినేని రోశమ్మ కథ, మన తరం స్త్రీవాదులకి అక్షరాభ్యాసం లాంటిది. అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ పాఠంగా చదువుకున్నవాళ్లు 1992లో తమ ఊరి కథని తామే నడిపారు. తాగునీళ్లు రాని ఊరికి సారా ప్యాకెట్లు ఎలా వస్తున్నాయని సర్కారుని నిలదీశారు. సర్కారుకి అబ్కారీ ఆదాయం 1970-71లో 39 కోట్లు, 1991-92 నాటికి 812 కోట్లు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019లో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలొచ్చాయి. గెలిచింది ఎంత, నిలబడింది ఎంత అనేది వేరే వ్యాసం.

ఆ గాలి మావైపుకీ వచ్చింది. రేపల్లె దగ్గర కాలవగట్టు ఊళ్లో ప్యాకెట్ల కొట్టు ముందు కూచున్న ఆడవాళ్లలో మా అమ్మమ్మ ఉంది. నాట్లలో పాట అందుకునే గొంతు ఆమెది. ఒకరు అందుకుంటే పదిమంది తిరిగి అనే పద్ధతి. నాట్ల పాట వరసలోనే సారా పాట కట్టారట. కిందటేడు అమ్మమ్మ చేత పాడించుకుని రాసుకున్నాను. అందులో 'నువ్వు' ఉంది, తాగేవాణ్ణి తిట్టటానికి. 'వాడు' ఉన్నాడు, కాంట్రాక్టరు. 'మనం' ఉంది, బోలెడంత. 'నేను' ఒక్కసారి కూడా లేదు.

"నువ్వు పాడేటప్పుడు తాతయ్య విన్నాడా?" అనడిగాను.

"వినకేం! అరుగు మీదే కూచున్నాడు. బాగా పాడావే అన్నాడు. మర్నాడు కల్లు తెచ్చుకున్నాడు."

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. సారా పాట సర్కారుతో మాట్లాడింది, కాంట్రాక్టరుతో మాట్లాడింది. గుండు గీయిస్తాం, గాడిదెక్కిస్తాం అని తాగేవాణ్ణి సిగ్గుపడేలా చేసింది. కానీ వాడు మానాలంటే లోపల ఏం జరగాలో ఆ పాటకి తెలియదు, తెలియాల్సిన పనీ దానికి లేదు. అలాగే పాడుతున్న ఆమెకి లోపల ఏం జరిగిందో కూడా అది చెప్పలేదు. మనం అనటంలో బలముంది. ఆ మనంలో దెబ్బతిన్న ఒక్కొక్క ఒంటికీ రక్షణ ఉంది, ఎవరి మొగుడు కొట్టాడో విడిగా చెప్పక్కర్లేదు. చెప్పక్కర్లేకపోవటం వల్లే చెప్పుకోలేకపోవటం కూడా జరిగింది. అమ్మమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. తన దెబ్బల గురించి ఒక్కతే, 'నేను' అంటూ చెప్పటం నేను వినలేదు.

అటు పిల్లాడి పాటలో 'నేను' తప్ప ఎవరూ లేరు. ఇటు అమ్మమ్మ పాటలో 'నేను' తప్ప అందరూ ఉన్నారు. మధ్యలో పిన్ని. ఆమెకి రెండు పాటల్లోనూ చోటు లేదు.

*

మావైపు ఈ చిక్కుకి ఒక విరుగుడు ఎప్పటినుంచో ఉందని నాకనిపిస్తుంది. బుర్రకథ. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని ఎక్కడికి తీసుకెళ్లాడో మీకు తెలుసు. 1940లలో ప్రజానాట్యమండలిలో మోటూరు ఉదయం లాంటివాళ్లు మహిళా దళం కట్టి తంబురా భుజానికెత్తుకున్నారనీ తెలుసు. నేనంటున్నది కథనం సంగతి. లయకి కట్టిన వేగమైన మాట, వాయిద్యం, ఊపిరి పట్టటం, ఇవన్నీ రాప్‌కి దగ్గరే. తేడా ఒకటే. కథకుడు ఒంటరి కాదు. అటూ ఇటూ వంతలున్నారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు తన్మయత్వంలో ఎటో పోతుంటే వంత ఆపుతాడు. ఔను గానీ ఫలానా సంగతి చెప్పలేదేం అంటాడు. శ్రోత అడగాల్సిన ప్రశ్న వంత అడుగుతాడు. కథ ఒకరిదే అయినా చెప్పటంలో ముగ్గురి హక్కుంది.

తెలుగులో 'రికవరీ'కి సరైన మాట లేదని వాపోతుంటాం. ఉంది. మానటం. తాగుడు మానాడు అంటాం, పుండు మానింది అంటాం. ఆపటం, నయం కావటం రెండూ ఒకే క్రియలో ఇమిడిన భాష మనది. మొదటిదానికి కర్త ఒక్కడే, తాగేవాడు. రెండోదానికి కర్త గాయం. గాయం తాగినవాడి ఒంటి మీద ఒక్కచోటే ఉండదు. పిల్లాడు తొమ్మిది నెలల క్రితం మానేశాడు. పిన్నికి ఇంకా మానలేదు. రాత్రి వీధిలో బండి ఆగిన చప్పుడైతే ఇప్పటికీ లేచి కూచుంటుంది. ఎవడి కథ వాడే చెప్పుకోవాలన్న సూత్రానికి నా అభ్యంతరం ఇదే. ఈ కథ వాడొక్కడిది కాదు.

రేపల్లెలో దిగి ఇంటికెళ్లాం. అన్నాలయ్యాక వాడి చేత పాట పెట్టించాను. ఈసారి చెవిలో కాదు, ఫోన్ బయటికే. పిన్ని పప్పు గిన్నె కడుగుతూ వింది. వాడి మొహం చూడాలి, ట్రైన్లో నా ముందు పడనంత భయం పడ్డాడు.

అయిపోయాక ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "తొమ్మిది నెలలు కాదు" అంది. "ఏందమ్మా?" అన్నాడు వాడు. "సంక్రాంతికి మళ్లీ ఒకసారి కాల్చావుగా. అప్పటినుంచి లెక్కేసుకో. ఏడు."

వాడు తలదించుకున్నాడు. నేను సందు చూసుకుని, "పిన్నీ, నీ సంగతి కూడా పాటలో పెట్టమందామా? గాజులూ, చాపా..." అన్నాను. నా మంచితనం నాకే ముద్దొచ్చింది ఆ క్షణాన.

పిన్ని గిన్నె బోర్లించింది. "నన్నెందుకే పెట్టటం, నేనేమన్నా పోయానా? వాడు చెప్పేది వాణ్ణి చెప్పనీ. తప్పు చెప్పిన కాడ నేను ఆపుతా." కాసేపాగి వాడితో అంది, "తలుపు దగ్గర మళ్లీ పెట్టు. ఆడేదో తప్పుంది. గడియ బయటినుంచి ఎయ్యలా నేను, లోపలినుంచే ఏశా. నువ్వు తీసుకోగలిగేదానివే."

వాడు పాట వెనక్కి తిప్పాడు.